వెంకటనారాయణ సారు ఇవ్వని వెరీలు

మా వెంకటనారాయణ సారుకు ఇంగ్లీషులో ఒకే ఒక్క మాటంటే పడదు. అది ‘వెరీ’. పాము కనబడితే కర్ర కోసం చూసేవాళ్లుంటారు. సారు వెరీ కనబడితే ఎర్ర పెన్ను కోసం చూస్తారు. దాని చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన ‘ఎంత?’ అని రాస్తారు. సత్తుపల్లిలో మా ప్రైవేటు బడిలో ముప్పయ్యేళ్లు ఇంగ్లీషు చెప్పారు. ఆయన చొక్కా జేబు కింద ఎర్రమరక లేని రోజును నేను చూడలేదు. దసరాకు కుట్టించిన చొక్కా దీపావళికి బడిచొక్కా అయిపోయేది.

ఎనిమిదో తరగతిలో నేనొక సెలవు చీటీ రాశాను. నాకు వెరీ హై ఫీవర్ అన్నాను. మర్నాడు నన్ను నిలబెట్టి ఎంత అన్నారు. నూటమూడు సార్ అన్నాను. “మరి నూటమూడు అని రాయి. జ్వరానికి వెరీ తోడెందుకురా, ఒక్కటే పడుకోలేదా?” అన్నారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేయడానికి ఆ చీటీయే కారణమని ఇప్పటికీ అనుకుంటాను.

పిసినారితనం పిల్లలతోనే ఆగలేదు. హెడ్మాస్టరు రిటైరైతే సన్మానపత్రం సారే రాశారు. అందులో ఆయన ‘ఫెయిర్లీ గుడ్’ హెడ్మాస్టరు, అంటే ఒక మోస్తరు మంచివాడు. శాలువా కప్పుకుని మరీ ఆ మాట విన్న పెద్దమనిషి, తర్వాత సారుతో మాట్లాడలేదు. ఇంట్లో కూర ఎలా ఉందని అడిగితే సారు ‘రాదర్ గుడ్’ అనేవారట. ఆయన మెచ్చుకున్నాడో లేదో తెలియాలంటే డిక్షనరీ తీయాలమ్మా అని వాళ్లావిడ మా అమ్మతో మొత్తుకునేది. ఇక మేమైతే క్లాసయ్యాక ‘థాంక్యూ ఫెయిర్లీ మచ్ సర్’ అని కోరస్ పాడేవాళ్లం. సారుకు అందులో వెటకారం వినబడేది కాదు. సంతోషంగా తల ఊపేవారు.

పదిహేడేళ్ల తర్వాత మా అమ్మాయి సాయిప్రియ ఆ బడిలోనే రెండో తరగతికి వచ్చింది. క్లాస్ టీచరు సారే. సాయిప్రియ ఇంట్లో కోళ్లతో కూడా వాదన పెట్టుకుంటుంది. బడిలో మాత్రం నోరు విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుంది, అంతే. నేను పామాయిల్ ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. నూనెలో ఆమ్లం ఎంతో రెండు దశాంశాల వరకు చెప్పగలను. నా పిల్ల ఎంత వెనకబడిందో మాత్రం నాకు తెలియలేదు. ఏడాది పోతే ఏమవుతుందో అని నిద్ర పట్టేది కాదు.

నెలనెలా వచ్చే ప్రోగ్రెస్ కార్డు చూశాను. జూన్‌లో ‘స్లయిట్లీ సైలెంట్’, కొంచెం మౌనం. జూలైలో ‘సమ్‌వాట్’, కాస్త. ఆగస్టులో మళ్లీ ‘స్లయిట్లీ’. సెప్టెంబరులో ‘రాదర్’, కొంచెం ఎక్కువే. నేను గ్రాఫు కాగితం తెచ్చాను. స్లయిట్లీకి రెండు మార్కులు, సమ్‌వాట్‌కు రెండున్నర, రాదర్‌కు మూడు వేసి గీత గీశాను. పిల్ల బాగుపడుతోందో దిగజారుతోందో ఆ గీత చెప్పలేదు. కాగితం పట్టుకుని సారు దగ్గరికి పోయాను.

సారు గ్రాఫును ముందుకు తిప్పి చూశారు, వెనక్కు తిప్పి చూశారు. “నీకు లెక్కలు నేను చెప్పలేదు గదరా సాయికిరణూ. ఈ తెగులు ఎవరు అంటించిండ్రు?”

“నిజం చెప్పండి సార్. పిల్ల వెరీ వీకా?”

“నా దగ్గర ఆ మాట లేదురా. అయిపోయింది.”

ఎన్నిసార్లు అడిగినా అంతే. నాకు ఒళ్లు మండింది. ముప్పయ్యేళ్లుగా భాష మీద చాదస్తంతో పిల్లల బతుకులు దాచిపెడుతున్నాడనిపించింది. దసరా సెలవులు అయిన మర్నాడే ఆ గ్రాఫు తీసుకుని ప్రిన్సిపాల్ ప్రమీలారాణి మేడం దగ్గరికి పోయాను. ఇంత చదువుకున్న పేరెంటును ఇప్పుడే చూస్తున్నానని ఆవిడ నాకు టీ తెప్పించారు. గ్రాఫు ఉంచి వెళ్లమన్నారు. ఉంచాను. టీ కూడా పూర్తిగా తాగాను.

మేడం పాత కార్డులన్నీ తీయించారు. ఇరవై ఏళ్లలో సారు రాసిన వేల రిమార్కుల్లో ఒక్క వెరీ లేదు. నవంబరులో సారును తీసేశారు. ఉత్తరం ‘వియ్ ఆర్ వెరీ సారీ’ అని మొదలైందట. సారు నిలబడే చదివి, వెరీ చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన ‘ఎంత?’ అని రాసి, మేడం చేతికే తిరిగి ఇచ్చి తన ఊరు పెనుబల్లి బస్సెక్కారు. వారం రోజులు ఊరంతా చెప్పుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

కొత్త టీచరు ఉదారుడు. డిసెంబరులో ‘వెరీ సైలెంట్’, జనవరిలో ‘వెరీ స్లో’, ఫిబ్రవరిలో ‘ఎక్స్‌ట్రీమ్లీ వీక్’. అంటే మరీ మరీ బలహీనం. నా గ్రాఫు కాగితం చాలలేదు. మార్చిలో మేడం పిలిచి, మీ పాపకు మా వేగం సరిపోదు, టీసీ తీసుకోండి అన్నారు. ఈసారి టీ రాలేదు.

ఆఫీసులో టీసీ ప్రింటు తీస్తూ కంప్యూటర్ చూసుకునే రాజేష్ తల ఎత్తకుండా చెప్పాడు.

“అన్నా, మీకు ఎరుక లేదా? వీక్ పక్కన గానీ స్లో పక్కన గానీ సైలెంట్ పక్కన గానీ వెరీ, దానికి పైమాట మూడుసార్లు పడితే టీసీయే. రిజల్ట్ ఫ్లెక్సీ మీద పర్సెంటేజీ తగ్గొద్దని పెట్టుకున్న రూలు. పాత రోజుల్ల రిజిస్టర్ల లెక్కపెట్టేటోళ్లు, ఇప్పుడు గిది లెక్కపెడ్తది.”

“సారుకు తెలుసా?”

“తెలవకేంది. కళావతి అని ఒక పిల్ల ఉండె. అడవి ఊరు. తునికాకు ఏరుకునే గోపాలు బిడ్డ, గవర్నమెంటు సీటు మీద వచ్చింది. మూడు వెరీలు పడ్డయి. మూడూ సారు చేతిరాతే. అప్పటికి సారుకు రూలు తెల్వదు. ఆ పిల్ల మిరపతోటల కూలికి పోవుడు సారు బస్సులకెల్లి చూసిండంట. గప్పటిసంది రాయలే.”

మరి బాగా చదివేవాళ్లకైనా వెరీ గుడ్ రాయొచ్చు కదా అన్నాను.

“గుడ్ కాడ రాసి వీక్ కాడ రాయకపోతే మేడం పట్టదా అన్నా? అందుకే మొత్తానికే బంద్ పెట్టిండు. మీరు గ్రాఫు తెచ్చేదాక మేడంకు అనుమానం రాలే.”

పాపను సర్కారు బడిలో చేర్పించాను. సారు దగ్గరికి పోవడానికి మాత్రం జూన్ దాకా ధైర్యం చాలలేదు. పెనుబల్లిలో ఆయన అరుగు మీద పదిమంది పిల్లలు నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నారు. చొక్కా మారింది, మరక అలాగే ఉంది. సాయిప్రియ నా వెనక దాక్కుంది. దారంతా కూడబలుక్కున్న మాట అనేశాను.

“చాలా పెద్ద తప్పు చేసిన సార్.”

“ఎంత?” అన్నారు.

రెండు దశాంశాల మనిషిని, వేళ్ల మీద లెక్కేస్తూ నిలబడ్డాను. సారే జాలిపడి, “సమ్‌వాట్ అని రాసుకుందాంలే. రేపటిసంది సాయంత్రాలు పిల్లను తోలు. ఫీజు ఎంతని నువ్వడిగితే మా ఆవిడకు చెప్తా,” అన్నారు. వాళ్లావిడ తెచ్చిన టీ తాగాను. రాదర్ గుడ్.

లేచి మెట్లు దిగుతుంటే నా వెనక నుంచి సన్నని గొంతు వచ్చింది. ఇంటి బయట ఆ గొంతు వినడం నాకదే మొదలు.

“థాంక్యూ వెరీ మచ్ సర్.”

అరుగు మీద పిల్లలంతా రాయడం ఆపారు. సారు చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఎర్ర పెన్ను వచ్చింది, మూత ఊడింది. గుండ్రం చుట్టడానికి కాగితం లేదు. పెన్ను గాల్లో పట్టుకుని సాయిప్రియ వైపు వంగారు.

“ఎంత?”

పాప నా వైపు చూసింది. సెలవు చీటీ కథ దానికి వందసార్లు చెప్పి ఉంటాను.

“నూటమూడు,” అంది.

సారు మూత పెట్టకుండానే పెన్ను జేబులో పెట్టుకున్నారు.