నోట్సులో ఉన్నది ఉన్నట్టు

ఆ రోజుల్లో వెబ్‌సైటు చేయడం నేర్చుకోవాలంటే ముందు చేతిరాత బాగుండాలి. నవ్వకండి. తొంభైల చివర్లో చోడవరంలోని మా కంప్యూటర్ సెంటరుకు ఉన్నది ఒక్క కంప్యూటరు, దాని ముందు ఎనిమిది మందిమి. ఇంటర్నెట్ అన్నది విశాఖపట్నం వెళ్తే కనబడే వస్తువు. అందుకని మాస్టారు కోడు చెబుతుంటే మేం నోట్సులో రాసుకునేవాళ్ళం. అక్షరాలను పరిగెత్తించే ముక్క ఒక పేజీ, మౌస్ ఆనగానే బొత్తాం రంగు మార్చే ముక్క ఇంకో పేజీ, ఫారంలో పేరు రాయకుండా వదిలేసినవాణ్ణి ఆపి అడిగే ముక్క మరో పేజీ. వాటిలో ఏ మాట ఎందుకుందో నాకు తెలియదు. (మాస్టారికి తెలుసని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.) ఉన్నది ఉన్నట్టు కొడితే పనిచేస్తుంది, అంతే.

డిగ్రీ అయ్యాక ఏడాది ఖాళీగా ఉన్నాను. విశాఖపట్నంలో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసు వాళ్ళు ఉద్యోగానికి పరీక్ష పెడతామని పిలిచారు. "ఈపాలి రాకపోతే బీయెడ్డేనమ్మా, మరింక సూసేది నేదు" అన్నారు నాన్న, బస్సెక్కిస్తూ. నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడమంటే నాకు హడలు. నోట్సు ఒళ్ళో పెట్టుకుని దారంతా పేజీలు తిరగేస్తూనే ఉన్నాను.

అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయనకు గంటలో ఒక పేజీ చేసి చూపించాలి, ఏ పుస్తకమైనా చూసుకోవచ్చు. అదీ పరీక్ష. ఆ వ్యాపారి కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు. పరీక్షకొచ్చిన పట్నం కుర్రాళ్ళు ఇటుకలంత ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని, కావలసింది ఎక్కడుందో వెతుక్కోవడంలోనే అరగంట పోగొట్టుకున్నారు. నాకేం, నోట్సు తెరవడం, దించడం. నలభై నిమిషాలకల్లా నా తెర మీద బెల్లం రకాలు పరిగెడుతున్నాయి, బొత్తాలు రంగులు మారుతున్నాయి, ఫారం పేరడుగుతోంది. ఇంక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు.

అంతలో ఆఫీసు యజమాని తెర మీద వేలు పెట్టి, "ఈ శ్రీ ఏటమ్మా, మూడు చోట్ల పెట్టేవు?" అన్నాడు.

తెల్లకాగితం మీద ఏం రాసినా ముందు శ్రీ చుట్టడం మా ఇంటి అలవాటు. కోడు ఇంగ్లీషు కనక శ్రీని కూడా ఇంగ్లీషులోనే ప్రతి పేజీ నెత్తినా రాసుకున్నాను. కొన్నాళ్ళకు అదీ కోడే అనుకున్నాను. (సెంటర్లో అది చూసి మాస్టారు నా భక్తిని మెచ్చుకున్నారు, నేనేమో నా కోడును మెచ్చుకున్నారనుకున్నాను.)

"అది తీసేస్తే పన్చెయ్యదండి" అన్నాను నమ్మకంగా. యజమాని ఒక శ్రీని చెరిపి చూపించాడు. పేజీ నిక్షేపంగా పనిచేసింది. పక్కనున్న కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వారు. నాకు బీయెడ్ కళ్ళ ముందు కనబడింది.

బెల్లం వ్యాపారి మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, చెరిపిన శ్రీని మళ్ళీ పెట్టించాడు. "శ్రీ నేకుండా నేను కాయితం మీద గీత కూడా గియ్యను. ఇది మీకెవలికీ తట్టనేదు, ఈ గుంటకి తట్టింది. నా పని ఈ గుంట చేతే సేయించండి" అన్నాడు. (మా వైపు గుంట అంటే ఆడపిల్ల.)

మర్నాటి నుంచే ఉద్యోగం. చోడవరం బస్టాండులో నాన్న ఆ సంగతి తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ కూడా చెప్పారు.

ఇప్పుడు నా దగ్గర పనిలో చేరే పిల్లలకు, అర్థం కాని కోడు ఎక్కణ్ణించీ తెచ్చి అతికించకూడదని గంటసేపు చెబుతాను. మొన్న ఒకమ్మాయి, మీరెలా నేర్చుకున్నారు మేడమ్ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, కొంచెం బెంగగానూ అనిపించింది. ఏమీ తెలియకుండానే అంత ధైర్యంగా జవాబు చెప్పిన ఆ పిల్ల ఇప్పుడు నాలో ఎంత వెతికినా దొరకదు. చూసి రాసి నేర్చుకున్నానమ్మా అని మాత్రం చెప్పాను.