ఏ ఊరు, ఎవరి తాలూకు

మొన్న మందుల కోసం స్టాంగర్ టౌనుకి వెళ్ళినప్పుడు, దుకాణం గుమ్మం దగ్గర కాపలా ఉన్న మనిషిని, కాంగో నుంచి వచ్చినవాడట, మన తెలుగువాళ్ళలోనే ఒకావిడ సంచి తెరిచి చూపిస్తూ నీది ఏ ఊరని అడిగింది. అడిగిన తీరులో మర్యాద లేదు సరే, అతను మాత్రం చిన్నగా నవ్వి చూపు పక్కకి తిప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ కిందట అచ్చం అలాంటి నవ్వే చూశాను. దాని అర్థం నాకు తెలిసేసరికి ఒక మనిషి ప్రాణం నా చేతిరాతలో ఇరుక్కుని ఉంది.

ఇప్పుడు ఆ రోజుల మాట ఎత్తితే అందరూ, తెల్లా నల్లా తేడా లేకుండా మొదటిసారి ఓటు వేసిన వరస గురించీ, ఆ ఎండ గురించీ, ఎవరి గొడుగు కింద ఎవరు నిలబడ్డారన్న దాని గురించీ చెప్పుకుని మురిసిపోతారు. బాగానే ఉంది. ఆ వరసకి ముందు మన చుట్టుపక్కల ఏం జరిగిందో ఒక్కరూ చెప్పరు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మీకు మాత్రం గుర్తు లేదా? జూలూవాళ్ళలోనే ఈ కొండ ఒక పార్టీది, ఆ కొండ ఇంకో పార్టీది, ఒకరినొకరు చంపుకునేవారు, మధ్యలో చెరుకు. పొగ లేస్తే అది కోతకి ముందు తగలబెట్టిన చెరుకో, ఎవరి ఇల్లో తెలియక మనం వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేవాళ్ళం. ఇళ్ళు కాలిపోయినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చర్చి హాలులో చాపల మీద పడుకునేవారు, సొంత దేశంలోనే కాందిశీకులై.

సరిగ్గా అప్పుడే పంచదార మిల్లువాళ్ళు నన్ను తీసేశారు. నాకు ముప్పై అయిదేళ్ళు. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఇంగ్లీషు చదవడం, రాయడం అరటిపళ్ళు చుట్టి ఇచ్చిన పాత పేపర్ల మీద నాకు నేనే నేర్చుకున్నాను. పంతులమ్మగా పనిచేసి విరమించిన మా పెద్దమ్మ ఆ హాలు వెనక గదిలో, కాందిశీకులకి మొదటి పని వెతికిపెట్టే చిన్న ఆఫీసు నడిపేది. జీతం లేకుండా మూడు నెలలు నేర్చుకో, తర్వాత చూద్దాం అంది. నాకన్నా పదేళ్ళు చిన్నవాళ్ళయిన పట్టభద్రులు నేర్చుకునే పనికి నేను కూర్చోవడం ఎంత చిన్నతనంగా ఉండేదో చెప్పలేను. అందుకే వాళ్ళకంటే మంచి ఉత్తరం రాసి చూపించాలని పంతం.

ఆ ఉత్తరమే మా పనికి ప్రాణం. పేరు, వయసు, తెలిసిన పని, చర్చి హాలు చిరునామా, అంతే రాయాలని పెద్దమ్మ నియమం. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకది ముక్కూ మొహం లేని ఉత్తరంలా కనిపించేది. మన ఇళ్ళలో కొత్త మనిషి గుమ్మం ఎక్కితే మంచినీళ్ళకన్నా ముందు వచ్చే మాట ఏ ఊరు, ఎవరి తాలూకు అనే కదా! దొరలు తెలుగు ఊళ్ళ నుంచి ఓడలో తెచ్చి చెరుకు తోటల కూలీ బారకాసుల్లో పడేసిన మన తాతలు, చేతికి నంబరు బిళ్ళ కట్టినా, ఆ ఒక్క ప్రశ్నతోనే ఒకరినొకరు మనుషులుగా నిలబెట్టుకున్నారు.

అలా ఒక శుక్రవారం, ట్రాక్టర్ల మరమ్మత్తు తెలిసిన ఒక పెద్దాయనకి ఉమ్‌హ్లాలి దగ్గర చెరుకు తోటలో పని కుదిరేలా ఉంటే, నేను ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి ఏ కొండ, ఏ పెద్ద కింద ఉండేవారు, తండ్రి ఎవరు, తాత ఎవరు అని అడిగాను. ఆయన చిన్నగా నవ్వి, చూపు పక్కకి తిప్పుకుని, అన్నిటికీ జవాబు చెప్పాడు. పని ఇప్పించేవాడు అడుగుతుంటే చెప్పనని ఎలా అంటాడు? అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పెద్దమ్మ చదవకుండానే ఆవిడ చేత సంతకం పెట్టించేశాను.

సోమవారం పొద్దున్న ఆయన టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాక పెద్దమ్మ కార్బన్ కాపీ తీసి చూసింది.

“ఒరేయ్, ఇది ఉత్తరమా, చావు చీటీయా? ఎవడ్రా రాయమన్నాడు నిన్ను?”

“మర్యాదగా ఉంటుందని, పెద్దమ్మా.”

“నీ మర్యాద తగలెయ్య! ఆ తోటలో కూలీల పెద్ద అవతలి పార్టీ కొండవాడ్రా. గేటు దగ్గర అందరి ముందూ ఉత్తరం పైకి చదువుతాడు. కారు తియ్, బేగి తియ్!”

దారి పొడుగునా రెండు పక్కలా నిలువెత్తు చెరుకు. ఒక మలుపులో కర్రలు పట్టుకున్న మనుషులు కొందరు కారులోకి వంగి చూసి, మేం జూలూవాళ్ళం కాదు గనక ఏమీ అడగకుండా వదిలేశారు. మలుపు తిరగ్గానే నేను ఇంకా వేగం పెంచాను. పెద్దమ్మ గోవిందా గోవిందా అనుకుంటూనే మధ్యమధ్య నన్ను తిడుతోంది.

గేటు దగ్గర పాతికమంది వరసలో ఉన్నారు, చిట్టచివర ఆ పెద్దాయన. ముందు వంతు వచ్చినప్పుడు ఉత్తరం లేదని చెప్పి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడట. ఆదివారం భార్య చేత ఆ ఉత్తరం చదివించుకుని, అందులో తన కొండ పేరు ఉందని తెలుసుకున్నాడు. చొక్కా లోపలినుంచి నాలుగు మడతల కాగితం తీసి రెండు చేతులతో నాకు అందించి, జూలూలో మెల్లగా అన్నాడు:

“కష్టపడి రాశావు నాయనా. చింపడానికి మనసొప్పలేదు.”

పెద్దమ్మ కారు బానెట్ మీద పెట్టి నాలుగు ముక్కలు కొత్తగా రాసిచ్చింది. ఆయనకి పని దొరికింది. కానీ అవతలి కొండవాళ్ళ మధ్యనే, వాళ్ళతో ఒకే బారకాసులో పడక. ఆ తర్వాత చాలా నెలలు, ఉమ్‌హ్లాలి వైపు పొగ లేచిందంటే కంచం వదిలి కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఆయన మళ్ళీ హాలుకి రాలేదు. ఉన్నాడో లేడో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు కొండలు సద్దుమణిగాయి, హాలులో పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. మా మనవలకి తాలూకు అన్న మాటే తెలియదు. ఏ ఊరన్న ప్రశ్న మాత్రం మిగిలింది, మనిషిని గుమ్మం అవతల ఉంచడానికి. మొన్న ఆ కాపలా మనిషి దగ్గర నేనూ ఒక్క క్షణం ఆగాను. నోటిదాకా వచ్చింది అదే మాట. మింగేసి, తలవంచుకుని బయటికి వచ్చేశాను. ఆ మాట లేకుండా కొత్త మనిషిని పలకరించడం మనకెవరూ నేర్పలేదు.