చాపల కింది తడి

సలేలోలోగా రేవు పక్కన తన రిపేరు కొట్టు ముందు పెనియామినా గెలిచిన తగాదాని ఊళ్లో పెద్దావిడ ఫువాటినో కళ్లారా చూసింది. ఉలిమాసావో అని ఒక లారీ యజమాని, మనిషి ఎంత లావో గొంతూ అంత లావు, సముద్రం అవతలి పాగోపాగో నుంచి తెప్పించుకున్న బట్టలుతికే మిషను లారీ మీద పెట్టుకొచ్చాడు. దాని ప్లగ్గుకున్న మూడో పిన్ను, షాకు కొట్టకుండా కాపాడే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టమన్నాడు. అక్కడి కరెంటు బలం ఇక్కడి దాంట్లో సగం, అందుకని అక్కడి సామానుకి మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాలి. అతను కొన్న చవక ట్రాన్స్‌ఫార్మరుకి రెండే కన్నాలున్నాయి.

"విరగ్గొట్టను," అన్నాడు పెనియామినా, తల కూడా ఎత్తకుండా.

"ఊరంతా విరగ్గొట్టుకుంటోంది. నీకేం రోగం?"

"ఊరి దగ్గరికే వెళ్లు."

"నువ్వు కాకపోతే మా ఇంట్లో సుత్తి లేదనుకున్నావా?"

అప్పుడు తలెత్తాడు. "సరే బాబాయ్, ఇలా తే, నేనే విరగ్గొడతాను. ముందు ఒక్క పేరు చెప్పు. మీ ఇంట్లో ఎవరు లేకపోయినా నీకు ఫరవాలేదు?"

నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు నవ్వలేదు. ఉలిమాసావో లారీ ఎక్కి వెళ్లిపోయాడు. తర్వాత మూడు కన్నాలది కొన్నాడని ఊళ్లో చెప్పుకున్నారు. నోరంటే అలా ఉండాలి అనుకుంది ఫువాటినో. ఆమె ఒకరి నోరు మెచ్చుకోవడం చిన్న సంగతి కాదు.

పెనియామినా కుర్రతనమంతా పాగోపాగో చేపల ఫ్యాక్టరీలో ఐసు మిషన్ల మధ్య గడిచింది. ఎడమ చేతి రెండు వేళ్లు వంగవు. ఎందుకని అడిగితే ఒకరికి సొరచేప అంటాడు, ఇంకొకరికి మొదటి పెళ్లాం అంటాడు. ఆ పెళ్లాం ఒక బస్సు డ్రైవరుతో వెళ్లిపోయింది. ఆ డ్రైవరింట్లో ఫ్రిజ్ పాడైతే ఇప్పటికీ ఇతనే వెళ్లి బాగుచేస్తాడు, చేసినంతసేపూ తిడతాడు. చర్చిలో ఫ్యాన్లన్నీ అతను బిగించినవే, కానీ ఏ ఫ్యాను కిందా కూర్చోడు. మనుషుల మీద నమ్మకం లేనివాళ్లు చాలామంది ఉంటారు. ఇతనికి తన పని మీద కూడా లేదు.

అలాంటివాణ్ని ఆ శుక్రవారం ఫువాటినో తన ఫ్రిజ్ కోసం పిలిపించింది. పాగోపాగోలో ఉన్న చెల్లెలు ఓడలో పంపిన ఫ్రిజ్ అది. రెండు తలుపులు, ఒక తలుపుకి నోరు. గ్లాసుతో నొక్కితే చల్లటి నీళ్లొస్తాయి, పక్కన నొక్కితే ఐసు ముక్కలు గలగలా రాలతాయి. వెనక ట్రాన్స్‌ఫార్మరు పెట్టించి, అతిథులు కూర్చునే ముందు గదిలో, వచ్చినవాళ్లందరికీ కనబడేలా నిలబెట్టింది. ఆదివారం ప్రార్థన అయ్యాక రాళ్ల పొయ్యిలో కాల్చిన చేమదుంపల మీది ఆకులు తియ్యకముందే పాస్టరు గారికి మొదటి గ్లాసు అందులోంచే పట్టిస్తుంది. ఈ ఆదివారం రాజధాని ఆపియా నుంచి పాస్టరు గారి అన్నగారు కూడా వస్తున్నారు. సరిగ్గా ఇప్పుడే ఐసు రావడం మానేసింది.

పెనియామినా రబ్బరు చెప్పులతోనే గదిలోకి వచ్చేశాడు.

"ఒరేయ్ పెనీ! చెప్పులు! ఎవరిల్లనుకున్నావు?"

"విప్పను పెద్దమ్మా. ముందు చూడనీ."

"మీ అమ్మ బతికుంటే చెంప వాయించేది."

"ఆవిడ లేదుగా, నువ్వు వాయించు. ఫ్రిజ్ ముట్టుకోకుండా వాయించు."

ఐసు పెట్టె బయటికి లాగాడు. లోపల ముక్కలు లేవు, తలకాయంత ఒకటే గడ్డ ఉంది. "మీ టాంకు నీళ్లకి తోసే బలం లేదు. అది లేకపోతే నీళ్లు ఆపే ఈ వాల్వు పూర్తిగా మూసుకోదు. రోజంతా కారుతూనే ఉంది. కొంత ఇక్కడ గడ్డకట్టింది. మిగతా నీళ్లెక్కడికి పోతున్నాయి?"

"నాకేం తెలుసు? చాపలు పొడిగానే ఉన్నాయి."

ఆమె మాట నిజమే. ఫ్రిజ్ ముందు చాప మెత్తగా, పొడిగా, రంగు అంచుతో ఉంది. గొప్ప అతిథికి చాప మీద చాప వేస్తారు. ఫువాటినో తన ఫ్రిజ్‌కీ అలాగే వేసింది.

"మొదట్లో తలుపు ముట్టుకుంటే జిల్లుమనేది," అంది. "చాప వేశాక మానేసింది. మళ్లీ మొదలైనప్పుడల్లా ఇంకోటి వేశాను. మళ్లీ మానేసింది."

పెనియామినా చేతిలో పని ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్క చాపా ఎత్తాడు. పైది పొడిగా ఉంది. దాని కింది చాప చల్లగా తగిలింది. దాని కింద మరొకటి నల్లగా బూజు పట్టి, నేలకి అంటుకుపోయి, లాగితే చినిగింది. గచ్చు మీద నీళ్లు పలచగా మెరుస్తూ ఫ్రిజ్ వెనక్కి, వైర్ల వైపు పాకి ఉన్నాయి. టెస్టరు తలుపుకి ఆనించాడు. చిన్న దీపం వెలిగింది. పగటి వెలుతురులో కూడా బాగా కనబడింది.

"ఇది షాకు కొట్టడం మానలేదు పెద్దమ్మా. చాప దీని నోరు నొక్కింది, అంతే. కరెంటు బయటికి కారితే పడిపోయే స్విచ్చు ఉండాలే, అదేది?"

"మాటిమాటికీ పడిపోతోందని అల్లుడు పీకేశాడు."

"మీ నల్ల కుక్క కనబడదేం?"

"చచ్చిపోయింది. ఎవడో విషం పెట్టాడు."

"ఎక్కడ పడి ఉంది?"

ఫువాటినో ఫ్రిజ్ వెనక సందు వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది.

"సరే, బాగుచెయ్," అంది, గొంతు పెంచి.

"తక్కువ బలానికి కూడా మూసుకునే వాల్వు ఆపియా నుంచి రావాలి. ఈ గోడలో ఎర్త్ తీగే లేదు, కొత్తగా వెయ్యాలి. ఆదివారానికి అవదు."

"అయితే ఆదివారం గడవనీ. కొత్త చాప వేస్తాను, నేల తుడిపిస్తాను. ఊరందరి ముందు కుండలోంచి నీళ్లు పోయమంటావా నన్ను?"

"పాస్టరు గారికి గ్లాసు పట్టేదెవరు?"

"లూపే. నా మనవరాలు. ఇంకెవరు?"

"చెప్పులేసుకుని పడుతుందా?"

"పాస్టరు గారి ముందా? నీకేమన్నా పిచ్చా?"

అన్నాక ఆమె వంటపాక వైపు తిరిగింది. వంటపాక దగ్గర లూపే కొబ్బరి కోరుతూ ఎవరినో వెక్కిరిస్తోంది. నవ్వు ముందు గది దాకా వినబడుతోంది. తడి చేతులు, వట్టి కాళ్లు.

పెనియామినా ట్రాన్స్‌ఫార్మరులోంచి ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. ఫ్రిజ్ ఒకసారి కుదుపు ఇచ్చి ఆగిపోయింది. సంచిలోంచి కటింగ్ ప్లయరు తీసి, ఫ్రిజ్ తీగ ఎత్తి ఆమె ముందు పట్టుకున్నాడు.

"నేను కోశాననుకో, సాయంత్రానికి మీ అల్లుడు టేపు చుట్టి అతికిస్తాడు, నువ్వు చూడనట్టు ఊరుకుంటావు. నువ్వు కోసిందాన్ని అతికించే మగాడు ఈ ఇంట్లో లేడు. ఇందులో ఇప్పుడు కరెంటు లేదు, భయపడకు. ఇదిగో పెద్దమ్మా, పట్టుకో. నీ చేత్తో నువ్వే కొయ్యి."