లైటు మీద బొట్టు

కోటబొమ్మాళి స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఖాళీ చేపల తట్టతో ఒకామె కంగారుగా ఫోను నొక్కుతోంది. భర్త సముద్రంలో వేటకు వెళ్లాడట, గాలి పెరుగుతోంది.

"మన దేశపోళ్లు ఆకాశంలో ఎట్టిన ఉపగ్రహం నుంచి పడవలో ఉన్న చిన్న పెట్టికి కబురొస్తాది. తుపానంటే ఎర్రలైటు ఎలుగుతాది. నానేమో గంగమ్మకి మొక్కి, తెలీక ఆ లైటు మీదే బొట్టెట్టీసినాను బాబూ, ఎలిగినా కనపడదు!" అంది.

ఇంతలో ఫోను మోగింది.

"ఒడ్డుకొచ్చీసినావా? తుడిస్తే లైటు కనపడిందా?" ఆమె ముఖం విప్పారింది. వెంటనే కసిరింది. "అమ్మోరి బొట్టు తుడిసీసినావేటి మావా, భయం లేదేటి నీకు!"

తర్వాత నా ఒళ్లోని పురాణం పుస్తకం చూసి, "తప్పేటి బాబూ?" అని మెల్లగా అడిగింది.

"గంగమ్మే తుడిపించిందమ్మా" అన్నాను.

ఏళ్ల తరబడి సత్సంగంలో పురాణం చెబుతున్నాను. అంత నమ్మకంగా మరే మాటా చెప్పలేదు.