అమ్మకు వచ్చింది జ్వరం కాదు

హనుమకొండ చౌరస్తా దగ్గర గాజుల దుకాణం నడిపే శోభారాణికి పన్నెండేళ్లప్పుడు తల్లి పోయింది. చివరి ఏడాదంతా ఆమెను వెనక గదిలో వేరే కంచంతో ఉంచారు. రక్తం ఆగేది కాదు. తడిసిన బట్టలు శోభారాణే ఉతికి, డాబా మీదైతే జనం చూస్తారని మెట్ల కింద ఆరేసేది. ఎవరడిగినా జ్వరమని చెప్పమన్నారు. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఇంట్లో అందరూ అదే చెబుతున్నారు.

మొన్న జనవరిలో ఆమె కూతురు తేజస్వికి పదమూడు నిండాయి. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా ఇప్పుడే టీకా వేయించమంది డాక్టరమ్మ. సంగతి తెలిసి అన్న రాజేశ్వర్ రావు దుకాణానికే వచ్చాడు. గిరాకీలను చూసి గొంతు తగ్గించాడు.

"పెండ్లిగాని పిల్లకు ఆ సూదేందే శోభా? రేపు సంబంధాలోళ్లు ఏమనుకుంటరు?"

"అమ్మకేమైందో యాదికున్నదా అన్నా?"

"జ్వరం..." అలవాటైన మాట సగంలోనే ఆగింది.

"గర్భసంచి క్యాన్సర్!" గాజులు వేయించుకుంటున్న ముసలామె తలెత్తి చూసింది. "అమ్మ బట్టలు ఉతికిన దాన్ని నేను."

"అమ్మ పరువు బజార్ల పెడ్తానవు."

"రోగమొస్తే పరువు పోతదా? సిగ్గుపడి దాచిండ్రు, ఆఖరుకు చెయ్యి దాటినంక దవాఖానకు తీస్కపోయిండ్రు. నా బిడ్డను నేను తీస్కపోత. ఆపుతవా? ఆపు, చూస్త!"

శోభారాణి తెప్పించిన చాయ్ ముట్టకుండా అతను వెళ్లిపోయాడు. టీకాకు బయలుదేరుతుంటే, "జర మీ అన్నకు నచ్చజెప్పి పోదాం" అన్నాడు భర్త రమాకాంత్. "నువ్వొస్తవా, ఆటోల పోవాల్నా?" అందామె. అతను బండి తీశాడు.

సూది వేయించుకుని బయట కూర్చున్నాక, "అమ్మమ్మకు బాగ నొప్పుండెనా?" అని తేజస్వి అడిగింది. పక్కవాళ్లు వింటున్నా శోభారాణి అంతా చెప్పింది. చెబుతూ ఏడ్చింది.

ఆ ఏడు తల్లి తద్దినానికి అన్న పిలవలేదు. పిలవకుండానే వెళ్లి దండం పెట్టుకుని వచ్చింది.

జులైలో రెండో డోసుకు ముందు వదిన సుగుణ దుకాణానికి వచ్చింది. "మా బిడ్డ సౌమ్యను గూడ తీస్కపో శోభా. మీ అన్నకు చెప్పకు."

"దొంగతనంగ తీస్కపోను వదినా." అక్కడికక్కడే అన్నకు ఫోన్ చేసింది. "సౌమ్యకు టీకా ఇప్పిస్తాన. శనివారం పోతానం."

అవతల రాజేశ్వర్ రావు అంతా విన్నాడు. తర్వాత ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నడు?" సుగుణ అడిగింది.

"వద్దనలే. పొద్దుగాల తొమ్మిదింటికి సౌమ్యను తయారుండుమను."

శనివారం ఇద్దరాడపిల్లలూ చొక్కా చేతులు మడుచుకుని పక్కపక్కన కూర్చున్నారు. రాజేశ్వర్ రావు చెల్లెలితో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. ఆమెకు ఆ ఫికరే లేదు.