ఇందిరమ్మ ముక్కు

గుత్తి లోపల ఎక్కడో ఒక్క ద్రాక్షపండు కుళ్లితే చాలు, ఇందిరమ్మ పందిరి కింద అడుగుపెట్టగానే కనిపెట్టేది. కత్తెర తీసుకుని నేరుగా ఆ గుత్తి దగ్గరికే వెళ్లి, ఆ ఒక్క పండునీ తీసేసేది. శామీర్‌పేట చుట్టుపక్కల తోటలన్నీ ఒక్కొక్కటిగా వెంచర్లయిపోయాక, రెండువేల నాలుగు నాటికి ఆమెకు మిగిలింది ఒక్క ఎకరం పందిరి. దాన్నీ అమ్మేద్దామని భర్త జనార్ధన్ శివరాత్రి నుంచి అడుగుతున్నాడు. ఆమె ఒప్పుకోవడం లేదు.

కోత అయిపోయి, కత్తిరింపు ఇంకా మొదలుకాని కొద్ది రోజులే ద్రాక్షతోట వాళ్లకు సెలవులు. ఆకులు కంచురంగుకు తిరిగి, తోట పగటినిద్ర పోతున్నట్టుంటుంది. ఆ సెలవుల్లో ఒకరోజు జనార్ధన్ స్కూటర్ తుడిచి, పార్కులు చూసొద్దాం రమ్మన్నాడు. ఎందుకో ఆమెకు తెలుసు. వెంచర్లు వేసే హేమచంద్ ఆ ఎకరాన్ని ప్లాట్లు చెయ్యననీ, పందిరిని అట్లాగే ఉంచి కాలనీకి పార్కు చేస్తాననీ మాట ఇచ్చాడు. పార్కులు ఎంత చల్లగా ఉంటాయో కళ్లారా చూస్తే ఆమె మెత్తబడుతుందని జనార్ధన్ ఆశ. ఆమె జొన్నరొట్టెలూ చింతకాయ తొక్కూ గిన్నెలో సర్దుకుని వెనక కూర్చుంది.

మొదట చెరువు కట్ట మీదికి పోయారు. నీళ్ల మీద ఎండ వెండిచేపలా ఎగురుతోంది. కానీ గాలి తిరగగానే నిన్న వచ్చిపోయిన వాళ్ల వాసన తగిలింది. పాచిపోయిన బిర్యానీ, కొరికి పారేసిన ఎముకలు, సీసాల అడుగున మిగిలిన పులుపు. జనార్ధన్ చెట్టునీడలో తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోగానే కింద ఏదో మెత్తగా చితికింది. ఎవరో వదిలేసిన పెరుగు పొట్లం. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి, ఇంకోచోట తిందామంది.

రోడ్డు పక్క రిసార్టు తోటకు టికెట్టు పెట్టారు. గడ్డి నున్నగా ఉంది, దాని మీద నడవొద్దని బోర్డు ఉంది. ఫౌంటెన్ తొట్టిలో నాచు, నాచులో గుట్కా కాగితాలు. గులాబీ మీదికి వంగితే పురుగుమందు ఘాటు గొంతులోకి దిగింది. గిన్నె మూత అక్కడా తెరుచుకోలేదు.

"ఆకలైతలేదా?" అన్నాడు జనార్ధన్.

"నోట్ల నీళ్లూరుతున్నయి. కక్కనీకి."

అతను నవ్వేసి, చివరిది చూస్తే లేచి రానంటావన్నాడు. అది గుండ్లపోచంపల్లిలో హేమచంద్ మొదటి వెంచర్లోని పార్కు. ఒకప్పుడు జనార్ధన్ బావ ద్రాక్షతోట. పందిరి చెక్కుచెదరకుండా ఉంచాడని హేమచంద్ చెప్పగా వినడమే తప్ప, అమ్మకం అయ్యాక జనార్ధన్ కూడా అటు పోలేదు.

నిజంగానే ఉంచాడు. పందిరిని మోసే రాతి కడీలకు ఎర్రరంగు వేయించాడు. నీళ్లు పెట్టే దిక్కులేక తీగెలు ఎప్పుడో ఎండిపోయినట్టున్నాయి. ఆ ఎండుతీగెలకే ఆకుపచ్చ పెయింటు పూసి, ప్లాస్టిక్ గుత్తులు కట్టారు. గుత్తుల మీద దుమ్ము, పాన్ ఉమ్ముల మరకలు. ఒక కడీ మొదట్లో ఎవరో పోసిన మూత్రం ఇంకా ఆరలేదు.

ఇందిరమ్మ చెయ్యి అలవాటుగా పైకి పోయింది. ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకుని వాసన చూసింది. చెరువు కట్ట మీద పాచిపోయింది కూడా ఒకప్పుడు అన్నమే. దీనికి కుళ్లే యోగం కూడా లేదు. ఆమె గుత్తి వదిలేసి, అరచేతిని చీరకు రుద్ది రుద్ది తుడుచుకుంది.

"అమ్ముదామంటే అమ్ముదాం తియ్యి," అంది మెల్లగా. "గని ముందుగాల మన తీగెలు మనమే పీకుదాం. పీనుగకు రంగులేసి నిలవెడతానంటే నాకు రోత."

జనార్ధన్ కడీ మీది ఎర్రరంగును గోటితో గీకాడు. కింద పాత రాయి, ఏళ్లతరబడి చల్లిన మైలుతుత్తం నీలిమరకతో బయటపడింది. ఆ మందు చల్లిన వాళ్లలో అతనూ ఉన్నాడు.

రొట్టెలు చివరికి సాయంత్రం సొంత పందిరి కింద తిన్నారు. ఎవరూ హేమచంద్ పేరు ఎత్తలేదు.

తెల్లవారి ఇందిరమ్మకు కత్తెర చప్పుడుతో మెలకువ వచ్చింది. కత్తిరింపు పెట్టారంటే ఆ తోటను ఇంకో పంటకు ఉంచుకున్నట్టే. జనార్ధన్ మొదటి వరసలో సగం దాటాడు.

"హేమచంద్ ఫోన్ జేస్తే లేనని చెప్పు," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

కోసిన కొనల నుంచి నీళ్లు చుక్కలుగా రాలుతున్నాయి. ఆమె ఒక చుక్కను వేలి మీదికి తీసుకుని వాసన చూసింది. తన కత్తెర తీసుకుని రెండో వరసలోకి నడిచింది.