గట్టిగా అన్నారు, గట్టిమేళం అనుకున్నాను

నన్ను మేళం నుంచి వెళ్ళగొట్టింది ఒక మాట. నిజం చెప్పాలంటే సగం మాట. అన్నవాడు పెళ్ళి వీడియో తీసే మనిషి, వాడికి నా మీద పగేమీ లేదు పాపం.

మా ఇళ్ళలో మగపిల్లవాడు పుడితే ఒక చేతికి కత్తెర, ఒక చేతికి డోలు అని ముందే రాసిపెట్టి ఉంటుంది. పెళ్ళిలో మేళం వాయించేదీ మేమే, పెళ్ళికొడుకు గోళ్ళు తీసేదీ మేమే. నేను మాత్రం కత్తెర ముట్టనని చిన్నప్పుడే మొండికేశాను. శేరిలింగంపల్లిలో ఉండే మా మేనమామ సన్నాయి వాయించేవాడు. ఆయన పక్కన డోలు నాది. ఎడమచేతిలో పుల్ల, కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు. అవి పెట్టుకుంటే నాకు ఎక్కడలేని పొగరు వచ్చేది.

పెళ్ళిలో మేళానికి అసలు పరీక్ష ఒక్కటే. తాళి కట్టే సమయానికి అయ్యగారు "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేక వేస్తారు. ఏ తుమ్మూ, ఏ చెడ్డమాటా ఆ క్షణాన వినబడకుండా మేము హాలు దద్దరిల్లేలా వాయించాలి. ముందు కాదు, వెనక కాదు, అప్పుడే.

ఆ పెళ్ళి బాలానగర్‌లో. నేను పుల్ల ఎత్తిపట్టుకుని కాచుకొని ఉన్నాను. వీడియో అతను లైటు పట్టుకున్న మనిషిని కసిరాడు. "గట్టిగ! అరే, గట్టిగ పట్టు!"

నాకు 'గట్టి' వరకే వినబడింది. మిగతాది నా డోలే మింగేసింది. డోలు మోగగానే జనం అలవాటు కొద్దీ అక్షింతలు చల్లేశారు. అక్షింతలు పడగానే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. తాళి మాత్రం ఇంకా పళ్ళెంలో, కొబ్బరికాయ మీదే ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

పెళ్ళికూతురి నాయనమ్మ "అపశకునం" అని నెత్తి కొట్టుకుంది. మా మామ అందరికీ దండాలు పెట్టి, నా చేతిలోంచి పుల్ల లాక్కుని తాళాలు వేసే అతనికి ఇచ్చాడు. అసలు తాళి అతని దరువుకే పడింది. నేను చెప్పుల దగ్గర నిలబడి విన్నాను. చెప్పకేం, ఏడ్చాను.

బయటికి వచ్చాక మామ నిమ్మళంగానే మాట్లాడాడు. దానికే ఎక్కువ భయం వేసింది.

"నీ చెయ్యి మంచిదే రా అల్లుడా. చెవే మాట అయ్యేదాక ఆగదు. చెవి ఆగనోని చేతిల పుల్ల ఉంటే పెండ్లిళ్ళు ఖరాబైతయి."

"మల్ల ఎప్పుడు రమ్మంటవు మామ?"

"నేను పిలిస్తెనే రా. అప్పటిదాక రాకు."

ఇక ఆ పిలుపు కోసమే బతికాను. జ్యేష్ఠంలో వెళ్ళగొట్టాడు. శ్రావణంలో పిలుస్తాడనుకున్నాను, పిలవలేదు. కార్తీకంలో తప్పకుండా అనుకున్నాను, ఊహూఁ. తిండికి మాత్రం ఎవరి పిలుపుతోనూ పని లేదు కదా, రోజూ వస్తుంది ఆకలి. మాదాపూర్‌లో మావాడొకాయన కటింగ్ షాపు పెట్టాడని తెలిసి వెళ్ళాను. అది తొంభైల చివర. బండలు పేల్చిన చోట గాజు భవనాలు లేస్తున్నాయి, వాటి వెనకాల ఇంకా మేకలు మేస్తున్నాయి. షాపాయన కొండాపూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి.

"అన్నా, నాకు కత్తెర పట్టరాదు" అన్నాను.

"ఏంది ముచ్చట! కత్తెర మన రక్తంల ఉంటది. నేర్పేదేముంది?" అని చేతిలో పెట్టాడు.

రక్తంలో ఉందేమో గానీ చేతిలో లేదు. మొదట కూర్చున్నవాడికి ఒక చెంప వెంట్రుకలు పైకి పోయాయి. రెండో పక్క సమానం చేద్దామని ఇటు కొంచెం, అటు కొంచెం తీస్తూ పోయాను. చివరికి ఆ పిల్లాడు తిరుపతి నుంచి దిగినవాడిలా తయారయ్యాడు. షాపాయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నేర్చుకున్నాను, కానీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే నేర్చుకున్నాను. రోడ్డు మీద ఊరేగింపు వస్తే కత్తెర వదిలి గుమ్మంలోకి ఉరికేవాణ్ణి. ఆ దరువు తప్పుగా పడితే పళ్ళు నూరేవాణ్ణి, సరిగ్గా పడితే ఇంకా మండేది. మెడకు గుడ్డ కట్టుకున్న మనిషి సగం తలతో అద్దంలో నన్నే చూస్తూ ఉండేవాడు. చేతులు ఊరుకోక, నూనె పెట్టి తల మర్దన చేసేటప్పుడు తెలియకుండానే నెత్తి మీద ఆదితాళం పడిపోయేది.

ఒకరోజు కోస్తా నుంచి వచ్చిన కంప్యూటర్ అబ్బాయి ఒకడు కళ్ళు మూసుకునే అడిగాడు. "ఏంటండి ఆ దరువు?"

"తప్పైంది సార్."

"అయ్యయ్యో, ఆపకండి! రాత్రుళ్ళు నిద్రపట్టక చస్తున్నాను. నిద్రొచ్చేస్తోందండి."

అతను నిజంగానే గురకపెట్టాడు. వారం తిరక్కుండా అతని ఆఫీసు వాళ్ళంతా వరస కట్టారు. కటింగ్ పేరుకే, నెత్తి మీద తాళానికే వచ్చేవారు. షాపాయన సంబరపడి పాత బోర్డు పీకి, 'హెయిర్ స్టైల్స్' అని కొత్తది రాయించాడు. చేతినిండా పని. నన్ను స్టైలిస్టు అని పిలుస్తుంటే ఎవరిని పిలుస్తున్నారా అని వెనక్కి చూసేవాణ్ణి.

మాఘంలో ఆ నిద్రపట్టని అబ్బాయే పెళ్ళికొడుకయ్యాడు. పెళ్ళి కొండాపూర్ ఫంక్షన్ హాల్లో, పొద్దున్నే ముహూర్తం.

"మీరు పొద్దుటి నుంచీ నా పక్కనే ఉండాలండి" అన్నాడు. "జీలకర్ర బెల్లం నెత్తిన పెడతారు కదా, జుట్టంతా అట్టలు కడుతుంది. వీడియోలో జీవితాంతం అదే ఉంటుందండి. మీరు తుడిచి దువ్వేయాలి."

నవ్వు వచ్చింది. రానని చెప్పబోతూ, మేళం ఎవరిదని అడిగాను.

"ఎవరో శేరిలింగంపల్లి వాళ్ళటండి. సన్నాయాయన బాగా పెద్దాయనట."

వస్తానన్నాను. మామకు ఒకసారి కనబడాలి, అంతే. చూస్తే అయినా పిలుస్తాడేమో.

తీరా మండపం మీద దువ్వెన పట్టుకొని నిలబడితే సిగ్గుతో చచ్చిపోయాను. మామ చూశాడు. కొత్త డోలతనూ చూశాడు. అతని వేళ్ళకు నా తొడుగులే ఉన్నాయేమోనని నా కళ్ళు అక్కడికే పోయాయి. మామ పలకరించలేదు, తల కూడా ఆడించలేదు. పెళ్ళివారి పెద్దావిడ ఒకావిడ "ఈ మనిషెందుకండీ ఇక్కడ అడ్డంగా?" అని విసుక్కుంది. జీలకర్ర బెల్లం అయింది. పెళ్ళికొడుకు నెత్తి మీది జిగటంతా తడిగుడ్డతో తుడిచి దువ్వుతున్నాను. రెండు చేతులకూ బెల్లం పాకమే.

అప్పుడు కరెంటు పోయింది.

మైకు మూగబోయింది. అయ్యగారు ముసలాయన, పొద్దుటి నుంచి మంత్రాలు చదివి గొంతు పూడుకుపోయింది. ఫోటోల వాళ్ళూ, వీడియో వాళ్ళూ వెలుతురు చాలక మండపం ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారు. మేళానికి అయ్యగారు కనబడరు, వినబడరు. ఆ గోడ పైనుంచి కనబడేది పెళ్ళికొడుకు వెనక నిలబడ్డ నా తల ఒక్కటే. మామ సన్నాయి ఊదుతూనే నా వైపు చూశాడు. కనుబొమలు ఎత్తాడు. ఇప్పుడా?

పెళ్ళికొడుకు తాళి ఇంకా చేతిలోకి తీసుకోలేదు. ఇంతలో వీడియో అతను కిటికీ దగ్గరున్న మనిషిని చూసి అరిచాడు. "తలుపు గుంజు! గట్టిగ! గట్టిగ గుంజు!"

కొత్త డోలతని పుల్ల పైకి లేచింది. బెల్లం చెయ్యి తల పక్కన అడ్డంగా చాచి, వద్దన్నట్టు ఊపాను. మామ మోచేత్తో అతన్ని ఆపాడు. ఎంతసేపు ఆగామో తెలియదు. నా వేళ్ళు కొట్టుకుంటున్నాయి, చెవుల్లో గట్టి, గట్టి అని అదే మాట మోగుతోంది. అయినా ఆగాను. పెళ్ళికొడుకు తాళి ఎత్తాడు, పెళ్ళికూతురి మెడ వెనక్కి చేతులు పోనిచ్చాడు. అయ్యగారు ఎండిపోయిన గొంతుతో "గట్టిమేళం" అన్నారు. అది నాకొక్కడికే వినబడింది. దువ్వెన ఉన్న చెయ్యి పైకెత్తాను.

మేళం విరుచుకుపడింది. ఓహ్, ఏం వాయించారని! మూడు ముళ్ళూ ఆ మోతలోనే పడ్డాయి.

భోజనాలయ్యాక మామ నా దగ్గరికి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. కత్తెర తిరిగే చోట, ఉంగరపు వేలికి కాయ కాసింది. దాని మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు.

"చెవి ఆగింది రా" అన్నాడు.

"రేపటి సంది రానా మామ?"

"రా. ఎల్లుండి ఇంకో పెండ్లి ఉన్నది."

"డోలు నేను కొడ్తనా?"

"డోలుకు మనిషున్నడు గద. నువ్వు గాడనే నిలబడు, పిల్లగాని పక్కన. ఈ ఫోటోలోళ్ళతోని మాకేం కనబడ్తలేదు. ఇగ నువ్వు చెయ్యి ఎత్తితెనే కొడ్తం."

నన్ను నమ్మాడు. ఆ నమ్మకం కోసమే కదా ఇన్ని నెలలు చచ్చింది! అయినా ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, ఎవరికీ మొహం చూపించలేక.

ఆ తర్వాత చాలా పెళ్ళిళ్ళకు వెళ్ళాను. పెళ్ళికొడుకు జుట్టు తుడుస్తాను, దువ్వుతాను, అయ్యగారి నోటి వైపే చూస్తూ చెయ్యి ఎత్తుతాను. ఒక్కసారీ తప్పు పోలేదు. ఎత్తని రెండో చెయ్యి మాత్రం పెళ్ళికొడుకు భుజం మీద దానంతట అదే దరువు వేస్తూ ఉంటుంది. తాళి కడుతూ కడుతూనే వాళ్ళు వెనక్కి తిరిగి, "జర ఆగన్నా" అంటారు.